గీతకు అటూ ఇటూ ఒకే పెన్షన్

నెవెంకా షులిగోయ్ నోరు పెద్దదని ఇటలీ సరిహద్దుకు ఆనుకున్న మా సోల్కన్‌లో అందరికీ తెలుసు. కానీ ఆ నోట్లోంచి ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ఇంటి గుట్టూ బయటికి రాలేదు. ఆమె ఉద్యోగం అలాంటిది. సర్కారు లెక్కల కోసం ఇల్లిల్లూ తిరిగి, ఎవరికి ఎంత వస్తోంది, ఎంత తింటున్నారు, పళ్ల డాక్టరుకు ఎంత పోస్తున్నారు అని అడిగి రాసుకొచ్చేది. ఎవరింట్లో మాంసం ఆదివారం ఒక్క పూటే వండుతారో, ఏ పెద్దమనిషి కారు వాయిదాల మీద నడుస్తోందో, అన్నీ ఆమె కడుపులోనే ఉండేవి. రొట్టెల కొట్టు దగ్గర ఎవరైనా చెవి దగ్గర చేరి, "ఏం నెవెంకా, ఆ మూలింటివాళ్లకి నిజంగా అంత ఉందంటావా?" అని కూపీ లాగబోతే, "వాళ్ల తలుపుకి గంట ఉంది. వెళ్లి కొట్టి నువ్వే అడుగు" అనేది.

అలాంటి మనిషి, ఉద్యోగం మానిన మూడో ఏట, ఎనభై మంది ముందు నిలబడి సొంత అక్క గుట్టు బయటపెట్టింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా పెద్దలు!

అక్కంటే తోడబుట్టింది కాదు, పెద్దమ్మ కూతురు ఫుల్వియా. యుద్ధం అయ్యాక సరిహద్దు గీసినప్పుడు అక్కాచెల్లెళ్లలో పెద్దమ్మ అటు గొరిజియాలో ఇటలీ మనిషయింది, నెవెంకా తల్లి ఇటు సోల్కన్‌లో ఉండిపోయింది. నడిచి వెళ్తే అరగంట. అయినా మూడేళ్లు ఒకరి మొహం ఒకరు చూడలేదు. 1950లో ఆగస్టు నెలలో ఒక ఆదివారం నాడు జనమంతా కాపలావాళ్లను తోసుకుని అటు వెళ్లిపోయారే, ఆ రోజు నెవెంకా తల్లి కూడా వెళ్లింది. అక్కను కావలించుకుని కరువుతీరా ఏడ్చి, తిరిగొస్తూ అందరిలాగే ఒక చీపురు కొనుక్కొచ్చింది. ఇటువైపు అప్పట్లో చీపుళ్లు కూడా దొరికేవి కావు మరి. ఆ చీపురు ఇప్పటికీ నెవెంకా అటక మీదే ఉంది. దాంతో ఏనాడూ ఎవరూ ఇల్లు ఊడ్వలేదు.

తల్లుల ప్రేమే కూతుళ్లకు వచ్చింది, కాస్త ఎగతాళి కలుపుకుని. ఫుల్వియా రెండేళ్లు పెద్ద. గొరిజియాలో నలభై ఏళ్లు ఆడవాళ్ల చలికోట్లు కుట్టింది. లాయర్ల భార్యలూ డాక్టర్ల భార్యలూ ఆమె మెట్లెక్కి వచ్చి, గుండుసూదులు గుచ్చుతుంటే కదలకుండా నిలబడేవాళ్లు. భర్త పోయాక ఒంటరిదే అయినా, చేతికి తొడుగులు లేకుండా వీధిలోకి రాదు. కాఫీ తాగడానికి వెళ్లినా జుట్టు సర్దుకుని మహారాణిలా వెళ్తుంది. నెవెంకా అసలు పెళ్లే చేసుకోలేదు. ఎందుకమ్మా అంటే, "ఊళ్లో ప్రతి ఇంటి లెక్కా చూశాక ధైర్యం చాల్లేదు" అనేది.

ఆమె ఉద్యోగంలో చేరింది 1990 చలికాలంలో. మొదటి వారం పల్చటి జాకెట్టు వేసుకుని ఇరవై ఇళ్ల గంటలు కొడితే, పదహారు తలుపులు మొహం మీదే మూసేశారు. బుక్కులు అమ్మడానికి వచ్చిందనుకున్న వాళ్లు కొందరు, చందాకు వచ్చిందనుకున్న వాళ్లు కొందరు. ఆ గురువారం అక్క దగ్గర కూర్చుని ముక్కు చీదుకుంటూ చెబితే, ఫుల్వియా ఓదార్చలేదు. టేపు తీసి, "నిలబడు, చేతులెత్తు" అంది. ఏ లాయరు భార్యకో కుట్టగా మిగిలిన బూడిదరంగు ఉన్నితో పది రోజుల్లో కోటు కుట్టింది. ఆ కోటు వేసుకుని వెళ్తే తలుపులు తెరుచుకోవడమే కాదు, "లోపలికి రండి మేడమ్, కాఫీ తాగుతారా?" అనడం మొదలైంది. ఆ కోటు త్రియెస్తేలో ఖరీదైన కొట్లో కొన్నదని ఊరంతా అనుకున్నారు. నెవెంకా కాదనలేదు. లోపలి గుడ్డ మూడుసార్లు మార్చారు, మోచేతుల దగ్గర రెండుసార్లు రఫూ చేశారు. అన్నీ ఫుల్వియా చేతి మీదే, ఒక్క పైసా పుచ్చుకోకుండా.

బదులుగా అన్నట్టు, చలికాలమంతా గులాబీలు. గులాబీ అంటే పువ్వు కాదు, మా నేలలో పండే ఎర్రటి చేదు ఆకుకూర. నవంబరులో వేళ్లతో సహా తవ్వి, నేలమాళిగలో వెచ్చగా, చీకట్లో గడ్డి కప్పి పెడితే, మూడు వారాలకు పై ఆకులు కుళ్లి, లోపల్నించి అచ్చం గులాబీలా ముడుచుకున్న మొగ్గ వస్తుంది. ఆ కుళ్లిన ఆకులు ఒలవడంలోనే ఉంది అసలు పని. గోరు తగిలితే చిరిగిపోతుంది, చిరిగితే బజార్లో ఎవరూ ముట్టరు. నెవెంకా వేళ్లు మొద్దు వేళ్లు. ఫుల్వియావి సూది పట్టిన వేళ్లు. అందుకే జనవరి, ఫిబ్రవరి గురువారాల్లో ఫుల్వియా స్టేషన్ ముందు చౌకు దాటి వచ్చేది. ఆ చౌకు నడిమధ్యనే ఉంది సరిహద్దు గీత. ఇప్పుడు పిల్లలు దాని మీద అటో కాలూ ఇటో కాలూ వేసి ఫొటోలు దిగుతున్నారు. అక్క ఒలిచేది, చెల్లెలు వేరు కోసి చన్నీళ్లలో కడిగేది. సాయంత్రానికి చెరి సగం. అది తల్లుల నాటి పద్ధతి. ఎవరూ మార్చలేదు.

ఇక ఆ పాడు ప్రసంగం సంగతి. ఏదో పత్రికలో రెండు దేశాల మధ్యతరగతిని పక్కపక్కన పెట్టి ఒక పట్టిక వేశారు. దేశం మొత్తానికి వచ్చే ఆదాయంలో నడిమివాళ్ల వాటా ఎంత అని. లైబ్రరీలో పనిచేసే క్లావ్‌దియా అది కత్తిరించి పట్టుకొచ్చి, "నెవెంకాగారూ, ముప్పై ఏళ్లు ఇవే లెక్కలు రాశారు కదా, మా జనానికి అర్థమయ్యేలా చెప్పరాదూ? ఒకసారి ఇక్కడ, నెలాఖరుకి ఒకసారి అటు గొరిజియాలో" అంది. నెవెంకాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆమె అడగడమే గానీ, ఆమెను ఎవరు ఏమడిగారు గనక!

జనవరి మొదటి వారం. హాలు నిండిపోయింది. గొరిజియా నుంచి కూడా పదిహేను మంది వచ్చారు. మూడో వరసలో ఫుల్వియా, తొడుగులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నెవెంకా రెండు పొతిత్సాలు చేసుకొచ్చింది, లోపల వాల్‌నట్ పప్పు చుట్టి కాల్చిన తీపిరొట్టెలు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. కత్తి పట్టుకుని మొదలుపెట్టింది.

"ఒక్కో దేశం ఆదాయం ఒక్కో రొట్టె అనుకోండి. బల్ల చుట్టూ పదిమంది. ఇద్దరు లేనివాళ్లు, ఇద్దరు బాగా ఉన్నవాళ్లు, నడుమ ఆరుగురు. ఆ ఆరుగురి చేతికి రొట్టెలో ఎంత వస్తుందన్నదే ఈ లెక్క. చూడండి, ఇటలీవాళ్ల రొట్టెలో ఇక్కడిదాకా. మన రొట్టెలో ఇదిగో, ఇక్కడిదాకా. వాటా చూస్తే మనదే ఎక్కువ!"

సోల్కన్ జనం చప్పట్లు కొట్టారు, ఆ వాటా వాళ్లే సంపాదించినట్టు. అప్పుడు మూడో వరసలోంచి ఫుల్వియా గొంతు లేచింది.

"వాటా పెద్దదే చెల్లీ. రొట్టె ఎవరిది పెద్దది?"

అటునుంచి వచ్చినవాళ్లు పకాలున నవ్వారు. నెవెంకా, "అది... వాళ్లదే" అని ఒప్పుకుంది.

"మరి చిన్న రొట్టెలో పెద్ద వాటా తింటే కడుపు నిండుతుందా, పెద్ద రొట్టెలో చిన్న వాటా తింటే నిండుతుందా? అది కూడా రాసుకొచ్చావా, ఇంటికెళ్లి చూసొస్తావా?"

ఈసారి సోల్కన్ వాళ్లు కూడా నవ్వారు. ఇంట్లో అయితే నెవెంకా కూడా నవ్వేదే. గురువారాల్లో ఇంతకంటే గట్టిగా వాయించుకునేవాళ్లు ఇద్దరూ. కానీ ఎనభై మంది ముందు, కత్తి చేతిలో పట్టుకుని, జీవితంలో మొదటిసారి మాట్లాడుతున్న రోజున! ఒళ్లు మండిపోయింది.

"చూసే వచ్చాను, వినండి!" అంది. "నాకు తెలిసినావిడ ఒకరున్నారు. చౌకు అవతలే ఇల్లు. నలభై ఏళ్లు చలికోట్లు కుట్టింది. ఆవిడ పెన్షనూ నా పెన్షనూ పక్కన పెడితే తేడా కాఫీ ఖర్చంత కూడా లేదు. ఆ డబ్బుతో నేనిక్కడ మధ్యతరగతి. ఆవిడ అక్కడ మధ్యతరగతి గీతకి కింద! రొట్టె పెద్దదైతే గీత కూడా పైకెక్కి కూర్చుంటుంది మరి. తెలిసిందా?"

నవ్వులు ఆగిపోయాయి. గొరిజియాలో చలికోట్లు కుట్టినవాళ్లు ఎందరున్నారు! తలలన్నీ ఒక్కసారి మూడో వరస వైపు తిరిగాయి. ఆమధ్య పెన్షన్ కాగితం ఏదో అర్థం కాలేదని, తలుపు గడియపెట్టి మరీ చెల్లెలికి ఒక్కదానికే చూపించింది ఫుల్వియా. ఇప్పుడామె ఎవరి వైపూ చూడలేదు. తొడుగులు తీసి ఒక్కో వేలూ నింపాదిగా తొడుక్కుంది, లేచింది, వెళ్లిపోయింది. ఆమె కోసం కోసి పెట్టిన పొతిత్సా ముక్క బల్ల మీదే ఉండిపోయింది. నెవెంకా తర్వాత ఏం మాట్లాడిందో ఆమెకే గుర్తులేదు.

ఆ గురువారం ఫుల్వియా రాలేదు. నెవెంకా ఫోన్ చేసింది.

"అమ్మగారు ఇంట్లో లేరు" అంది అవతలి గొంతు, ఇటాలియన్‌లో.

"అక్కా, నువ్వే కదా మాట్లాడేది!"

"అమ్మగారు ఎప్పుడొస్తారో చెప్పలేదు" అని పెట్టేసింది.

నెవెంకాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నేలమాళిగలో గులాబీలు ఎవరి కోసమూ ఆగవు. వారం దాటితే కుళ్లు లోపలికి పాకుతుంది. ఒక్కతే కూర్చుని ఒలిచింది. నలభై ఒలిస్తే ముప్పై చిరిగాయి. "ఈ నోటికేం తెగులొచ్చిందే నీకు! ముప్పై ఏళ్లు మూసుకున్నదానివి, ఇంకో పూట మూసుకుంటే నీ సొమ్మేం పోయేది!" అని పైకే తిట్టుకుంది. మర్నాడు ఒలవని గులాబీలు బుట్టనిండా పెట్టుకుని చౌకు దాటి వెళ్లి, అక్క గుమ్మం ముందు పెట్టి గంట కొట్టి, తలుపు తీయకపోతే వచ్చేసింది. బుట్ట తీసుకుంటే కోపం తగ్గినట్టే అనుకుంది.

రెండు రోజులకు బుట్ట నెవెంకా గేటు దగ్గరికి తిరిగొచ్చింది. ప్రతి గులాబీ ఒలిచి, కడిగి, ఒక్క ఆకు చిరగకుండా, వరసగా పేర్చి ఉంది. ఒక్కటీ తగ్గలేదు. ఫుల్వియా తన సగం కూడా ఉంచుకోలేదు. పైన చిన్న చీటీ, అక్క చేతిరాత.

"పని పూర్తయింది. కూలి అక్కర్లేదు. గీత కింద ఉన్నవాళ్లం, ఇలాంటి పనులు మాకు అలవాటే."

పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. నెవెంకా ఆ చీటీ పట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చింది. తల్లి తుపాకుల మధ్యనించి నడిచి దాటిన దూరాన్ని తాను ఒక్క మాటతో మళ్లీ తెచ్చిపెట్టింది. అటక మీది చీపురు గుర్తొచ్చి ఇంకా ఏడ్చింది. క్షమాపణ చెప్పాలంటే ఎక్కడ చెప్పాలి? ఇంట్లో చెబితే తలుపు తీయదు. సభలో "మా అక్క నన్ను క్షమించాలి" అంటే, తలలన్నీ మళ్లీ అటే తిరుగుతాయి. పోయిన పరువును ఇంకోసారి వీధిలో పెట్టినట్టవుతుంది.

నెలాఖరున గొరిజియాలో ప్రసంగం ఉంది. "మానేద్దామా?" అని క్లావ్‌దియా అడిగితే, "వస్తాను. పొతిత్సాలు మాత్రం తేను" అంది నెవెంకా.

ఆ రోజు నెవెంకా చేతిలో ఉన్నది ఒక్కటే, ముప్పై ఏళ్లు అందరి ఇళ్లకూ తీసుకెళ్లిన ఫారం. హాలు చిన్నది, అయినా నిండింది. ఎవరెవరు వచ్చారో చూసే ధైర్యం లేక కాగితం మీదే కళ్లు పెట్టింది. బూడిదరంగు కోటు విప్పలేదు.

"పట్టిక గురించి పేపర్లో చదువుకోండి, నాకంటే బాగా రాశారు" అంది. "ముప్పై ఒక్క ఏళ్లు అందరి గుట్టూ అడిగాను. ఇవాళ నాది చెబుతాను. నాకు పట్టిక ప్రకారం మధ్యతరగతి అని పేరు. గీత మీద ఉన్నానంటే ఉన్నాను, కాలి మునివేళ్ల మీద నిలబడి. ఏడాదిలో పళ్ల డాక్టరు దగ్గరికి ఒక్కసారే వెళ్తాను, అదీ నొప్పి భరించలేకపోతే. ఈ కోటు చూస్తున్నారుగా? త్రియెస్తేలో కొన్నానని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. నేనూ అనుకోనిచ్చాను. అబద్ధం. ఈ ఊళ్లోనే కుట్టింది. అలాంటి కోటు కొనాలంటే అప్పట్లో నా మూడు జీతాలు కావాలి. నేను పైసా ఇవ్వలేదు. ఇది వేసుకోకముందు నాకు పదహారు తలుపులు మూశారు. వేసుకున్నాక ఒక్కటీ మూయలేదు. అంటే నన్ను మధ్యతరగతిలో కూర్చోబెట్టింది నా జీతం కాదు, ఈ కుట్టు."

ఆమె ఫారం ఎత్తి చూపించింది.

"ఇందులో మొట్టమొదటి ప్రశ్న, 'ఈ ఇంట్లో ఒకే కుండలో వండుకుని తినేవాళ్లు ఎందరు?' అని. దీనికి తప్పు జవాబిస్తే కింద లెక్కంతా తప్పే. ఏ ఇళ్లకు వెళ్లాలో తేల్చే చీటీల్లో ఒకసారి నా పేరే వచ్చింది. నేను 'ఒకరు' అని రాశాను. అది తప్పు. నేను చేసిన తప్పుల్లో అదే మొదటిది, ఈమధ్య చేసింది ఇంకా పెద్దది. ఇవాళ దిద్దుకుంటున్నాను. ఇద్దరు. ఇద్దరని రాసుకోండి."

ఆ ఫారం దించి మడతపెడుతోంది. అంతలో వెనక వరసలోంచి వినిపించింది.

"అదీ తప్పే! గురువారాలు మాత్రమే ఇద్దరు. మిగతా ఆరు రోజులూ నా కుండ నాదే. నీ వంట రోజూ ఎవరు తింటారు?"

గోడలు దద్దరిల్లేలా నవ్వారు జనం. ఫుల్వియా నింపాదిగా ముందుకు నడిచొచ్చింది, తొడుగులతో, టోపీతో. చెల్లెలి మొహం వైపు చూడలేదు. కోటు రెండో గుండీ పట్టుకుని లాగింది. దారం వదులుగా ఉంది.

"ఇలా వేలాడుతున్న గుండీతో నా పేరు చెప్పుకుంటావా పదిమందిలో? సిగ్గు లేకపోతే సరి! మరి కుట్టు చూశారుగా," అంటూ జనం వైపు తిరిగింది, "ముప్పై మూడేళ్ల నాటిది. భుజం దగ్గర చూడండి, ఒక్క ముడత ఉందేమో!" ముందు వరసలో ఒక లాయరు భార్య నిజంగానే లేచి వచ్చి భుజం తడిమి చూసింది. ఫుల్వియా మొహంలో అప్పుడు కనిపించిన సంతోషాన్ని నెవెంకా ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

గురువారం పొద్దున్నే గేటు చప్పుడైంది. ఫుల్వియా సొంత ఏప్రన్ తెచ్చుకుంది, జేబులో సూదీ దారం కూడా. ముందు గుండీ కుట్టింది. ఆ తర్వాత నెవెంకా ముందురోజు ఒక్కతే ఒలవబోయి చింపి పెట్టిన గులాబీలు చూసి, "వీటిని ఏ తరగతిలో వేస్తావమ్మా, లెక్కల మేడమ్?" అంది.

"నా నోరు మూయించడానికి వచ్చావా, గులాబీలు ఒలవడానికి వచ్చావా?"

"రెండూ ఒకేసారి అయ్యే పనులే."

మధ్యాహ్నం దాకా ఒలిచారు, కడిగారు, తిట్టుకున్నారు. నెవెంకా ఒకసారి "అక్కా, ఆ రోజు..." అని మొదలుపెడితే ఫుల్వియా కుళ్లిన ఆకొకటి ఆమె మీదికి విసిరి, "నీళ్లు మార్చు" అంది. అంతే, ఆ మాట మళ్లీ ఎత్తలేదు ఇద్దరూ.

సాయంత్రం పంపకం దగ్గర ఫుల్వియా బుట్ట ముందుకు లాక్కుంది. తల్లుల నాటి నుంచీ చెరి సగమే. కానీ ఆమె సగం దగ్గర ఆగలేదు. ఇంకో ఆరు ఏరి, మంచివి చూసి మరీ, తన సంచిలో వేసుకుంది.

"ఇదేం లెక్క?" అంది నెవెంకా.

"చిన్న రొట్టె, పెద్ద వాటా," అంది ఫుల్వియా తొడుగులు తొడుక్కుంటూ. "మీ దేశం పద్ధతే కదే! ఈ ఏడాదికి నాకు ఇదే నచ్చింది."

నెవెంకా మరో రెండు గులాబీలు తీసి ఆ సంచిలో పెట్టింది. చౌకు దాకా తోడు వెళ్లింది. గీత దగ్గర అక్క అటు అడుగు వేస్తుంటే, సంచి మరో చెవి పట్టుకుని తానూ అటు దాటింది, బరువుగా ఉందనే సాకుతో.